మొక్కుకున్నప్పటి బరువు

రఘురామ్ గుడివాడలో ఇంగ్లీషు మాస్టారు. కూతురు హరిణికి రోజుకో మాట చెప్పడం అలవాటు. ఆ రోజు కారులో మోపిదేవి గుడికి వెళ్తూ చల్లపల్లి దాటాక, అతని ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న హరిణే అడిగింది.

"ఇవాళ్టి మాట ఏది నాన్నా? ఎగ్గొడదామనా?"

"స్పెండ్."

"ఖర్చుపెట్టడం. అది మూడో క్లాసులోదే. మోసం!"

"ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా మరి? లాటిన్ నుంచి. పూర్వం వాళ్ళు డబ్బుగా లోహాన్ని త్రాసులో తూచి ఇచ్చేవాళ్ళు. ఆ మాట పుట్టుక తూచి ఇవ్వడంలోనే ఉంది."

హరిణి తలెత్తి చూసింది. "అయితే ఇవాళ తులాభారంలో ఖర్చయ్యేది ఎవరు? నేనా, బెల్లమా?"

"బెల్లమేనమ్మా."

హరిణికి మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు తల్లి శారదాంబ మొక్కుకుంది, పిల్ల కోలుకుంటే దాని బరువు బెల్లం ఇస్తానని. అప్పుడు హరిణి బొద్దుగా ఉండేది. తర్వాత జబ్బు రక్తంలో ఉందన్నారు. మొన్న విజయవాడ డాక్టరు ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు. మొక్కు ముందే తీర్చేస్తే స్వామి మాట తప్పడని శారదాంబ పట్టుబట్టింది. రఘురామ్ కాదనలేదు. కాదంటే ఆ తర్వాత ఆమెకి ఏం చెప్పాలో అతనికి తెలియదు.

దారిలో చల్లపల్లిలో ఆగినప్పుడు బెల్లం కొట్టు గోవర్ధనరావు "పాప ఎంత బరువుంటుందండీ?" అంటే, శారదాంబ మొక్కుకున్నప్పటి బరువే చెప్పింది.

గుళ్ళో ఆ బెల్లమంతా ఒక పళ్ళెంలో పేర్చారు. హరిణి కూర్చున్న పళ్ళెం గాల్లోనే ఉండిపోయింది.

"కొన్ని దిమ్మలు తీసేస్తే సరిపోతుందమ్మా," అన్నాడు పూజారి.

"తియ్యొద్దండీ. అదే మా పాప బరువు."

"త్రాసు చూపిస్తోంది కదమ్మా..."

"మీ త్రాసు పాతదైపోయింది పంతులు గారూ," అంది శారదాంబ.

హరిణి తల్లి ముఖం చూసింది. "అమ్మా, నీ సంచీ ఇటివ్వు. నాన్నా, నీ గొడుగు కూడా. పొద్దున నువ్వు పెట్టిన ఇడ్లీ తినేస్తే ఈ గొడవే ఉండేది కాదమ్మా!"

సంచీ, గొడుగు, మంచినీళ్ళ సీసా అన్నీ ఒళ్ళో పెట్టుకుంది. పళ్ళెం కొంచెం దిగి ఆగిపోయింది.

రఘురామ్ కూతురి వెనక్కి వెళ్ళి, ఊగకుండా ఆపుతున్నట్టు పళ్ళెం గొలుసు పట్టుకున్నాడు. మెల్లగా కిందికి లాగాడు. ముల్లు మధ్యకి వచ్చింది. పూజారి అతని చేతిని చూశాడు, చూసి హారతి పళ్ళెం వైపు తిరిగాడు. శారదాంబ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

"నాన్నా, ఇక వదిలెయ్," హరిణి గొంతు తగ్గించి అంది. "చెయ్యి నొప్పెడుతుంది."

"కాసేపు ఉండమ్మా," అన్నాడు రఘురామ్.

శారదాంబ ఇంకా కళ్ళు తెరవలేదు.