కుక్కపిల్ల జబ్బు

పెద్దకోడలికి కోపం ఒక పట్టాన రాదు. వస్తే మాత్రం మాట తగ్గి పని పెరుగుతుంది. తన కంటి ఆపరేషన్ ఇప్పుడప్పుడే వద్దని అత్తగారు అన్న దగ్గర్నుంచీ ఆమె తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది.

ఆపరేషన్ కోసం దాచుకున్న డబ్బంతా ఫోన్లో ఆడే ఆటలోని కుక్కపిల్లకి పోయింది. ఆట ఉచితమే. కానీ ఆ కుక్కపిల్లకి మాటిమాటికీ జబ్బు చేస్తుంది. మందు వంద రత్నాలు. ఆ రత్నాలేమో అసలు డబ్బిచ్చి కొనాలి, అవీ ఎనభై చొప్పునే అమ్ముతారు. ఒకసారి కొంటే చాలవు, రెండోసారి కొంటే మిగిలినవి ఇంకో మందుకి చాలవు. అత్తగారు జీవితమంతా ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసిన మనిషి. బొమ్మే కదా అత్తయ్యా అంటే, "నాకు తెలీదా? అలా మూలుగుతుంటే చెయ్యి ఊరుకోదమ్మా" అంది.

మధ్యాహ్నం మరిది భోజనానికొచ్చి తల్లి పక్కన, అన్న ఎదురుగా కూర్చున్నాడు. ఆటలు తయారుచేసే కంపెనీలో ధరలు పెట్టడం అతని పని. ప్రమోషన్ వచ్చిందట. ఏం ఘనకార్యం చేశావురా అని అన్న అడిగితే హుషారుగా చెప్పుకొచ్చాడు. ఉత్తినే ఆడేవాళ్ళ చేత కొనిపించడమే కష్టమట. కుక్కపిల్లకి జబ్బు పెట్టించింది తనేనట, అప్పట్నుంచే అమ్మకాలు పుంజుకున్నాయట. తెగ కొనేవాళ్ళని ఆఫీసులో తిమింగలాలంటారని చెప్పి నవ్వాడు.

వదిన చేతిలో గరిటె ఆగింది. లోపలికెళ్ళి అత్తగారి ఫోను తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. తెరమీద కుక్కపిల్ల ముడుచుకుని వణుకుతోంది.

"ఇదిగో, నీ తిమింగలం ఫోను. కంటి ఆపరేషన్ డబ్బులన్నీ నీ మందులకే పోసింది."

అతను ముద్ద కంచంలోకి జారవిడిచాడు. ఎవర్నీ బలవంతపెట్టట్లేదని, ఇష్టమైనవాళ్ళే కొంటారని గొణిగాడు.

"మందు వందయినప్పుడు ఎనభై ఎందుకమ్ముతారు?"

"వందే అమ్మితే మళ్ళీ ఎందుకు కొంటారు వదినా?" అనేసి నాలుక కరుచుకున్నాడు. వెంటనే తల్లివైపు తిరిగి, ఆపరేషన్ ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు. ఆఫీసులో చెప్పి అమ్మ కుక్కపిల్లకి ఇక జబ్బే రాకుండా చేయిస్తానన్నాడు.

అత్తగారు అడిగింది. "అయితే జబ్బు నువ్వే తెప్పిస్తున్నావా?"

"నిజం జబ్బు కాదు కదమ్మా."

"నయం చెయ్యడమూ నీ చేతిలోనే ఉందా?"

తలూపాడు.

"మరి మిగతావాళ్ళవి?"

"అలా ఎలాగమ్మా? కంపెనీ నడవొద్దూ?"

అత్తగారు ఫోను బోర్లా పెట్టింది. "నీ డబ్బుతో నా కళ్ళు బాగుచేయించుకోను. పెద్దాడు ఎప్పుడు చేయించగలిగితే అప్పుడే" అని లేచి, గోడ తడుముకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

అన్న తలెత్తలేదు. ఏం చెయ్యాలో తోచక మరిది కూర వైపు చెయ్యి చాపాడు.

వదిన గిన్నెమీద మూత పెట్టేసింది.