ఎడమ కాలి కింది పీట

నేను ఒక పనస చెక్క పీటను. పియానోను కాదు, హార్మోనియాన్నీ కాదు. అయినా కోపెన్‌హాగన్ నగరంలో జాజ్ సంగీతం వినేవాళ్ళు కొంతమందికి నా చప్పుడు తెలుసు. ఇది నా గొప్ప కాదు. నన్ను తొక్కిన కాలి గొప్ప.

నన్ను చేసింది నర్సాపురం వడ్రంగి వీరాచారి. చేయించుకున్నది మార్తమ్మ. ఆవిడ మిషను కాంపౌండు పక్కన రెండు గదుల ఇంట్లో ఉంటూ లేసు అల్లేది. భోజనానికి కూర్చోవడానికి పీట కావాలంది. వీరాచారి పైన నున్నగానే చిత్రిక పట్టాడు. కింద కొట్టిన రెండు అడ్డచెక్కల్లో మాత్రం ఒకదాన్ని శనగబద్దంత తక్కువ కోశాడు.

"ఏమయ్యా వీరాచారీ, పీట ఊగుతోందే!"

"ఊగేది పీట కాదమ్మా. మీ నేలే ఎగుడుదిగుడు."

"అలాగా! అయితే రేపొచ్చి మా నేలకి చిత్రిక పట్టు."

ఆయన రాలేదు. నేను ఊగుతూనే ఉండిపోయాను. ఒకసారి పాస్టరు గారు నా మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ వెనక్కి ఒరిగిపోయారు. ఆమెన్ గోడకు ఆనుకుని చెప్పారు. ఆ రోజుతో భోజనాల దగ్గర నా పని అయిపోయింది.

మార్తమ్మ కూతురు సలోమికి అప్పుడు ఎనిమిదేళ్ళు. చర్చిలో కాళ్ళ హార్మోనియం ఉండేది. చేతులతో మెట్లు నొక్కుతూ, కింద పలకలను రెండు కాళ్ళతో తొక్కుతూ ఉండాలి. తొక్కడం ఆగితే లోపల గాలి అయిపోతుంది, పాట అక్కడే చచ్చిపోతుంది. సలోమికి అది నేర్చుకోవాలని ఆశ. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పిల్లల్ని దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకని మార్తమ్మ బల్ల మీద సుద్దతో మెట్లు గీసి, కింద నన్ను పడేసింది.

"చేతులు బల్ల మీద, కాళ్ళు పీట మీద. పాట నోటితో పాడుకో. కాలు ఆపావో, పాట పోయినట్టే."

నేను ఊగేదాన్ని కదా, ఆ పిల్ల పాదానికి సరిగ్గా సరిపోయాను. టక్, టక్, టక్. మడమ ఒకసారి, వేళ్ళు ఒకసారి. తల్లి పక్కన లేసు అల్లుకుంటూ లెక్క తప్పినప్పుడల్లా, "నెమ్మదిగా తొక్కవే, నా సూది కూడా నీతోపాటు పరిగెడుతోంది" అనేది. భోజనానికి పనికిరాని నన్ను చదువుకి పనికొచ్చేలా చేసింది ఆ తల్లి. ఆ మేలు నేను మరిచిపోలేదు.

సలోమి పెద్దదై నర్సు చదివింది. డెన్మార్కులో ఉద్యోగం వచ్చి కోపెన్‌హాగన్ వెళ్ళింది. నేను నర్సాపురంలోనే మంచం కింద ఉండిపోయాను. అక్కడ జరిగినవన్నీ తరువాత ఆమె నోటనే విన్నాను.

ఆమె పనిచేసే ఆసుపత్రి హాల్లో ఒక పాత పియానో ఉంది. మధ్యాహ్నం రోగులు కాఫీ తాగేటప్పుడు సలోమి దాని ముందు కూర్చుని కీర్తనలు వాయించేది. వేళ్ళు చక్కగా పలికేవి. కానీ పాత అలవాటుతో రెండు కాళ్ళూ పియానో పెడళ్ళను ఆగకుండా తొక్కేవి. పియానో కుడి పెడల్ నొక్కితే స్వరాలు ఆగకుండా మోగుతాయి. దాన్ని ఇష్టమొచ్చినట్టు తొక్కితే స్వరాలన్నీ కలిసి ముద్దయిపోతాయి.

ఆ హాల్లో హెన్రిక్ అని ఒక పేషెంటు ఉండేవాడు. జాజ్ బృందంలో బేస్ అని, నిలబడి మీటే మనిషంత ఎత్తు తీగల వాయిద్యం వాయించేవాడు. మెట్ల మీద జారిపడి కాలికి కట్టు కట్టించుకున్నాడు. రెండు రోజులు విని మూడో రోజు అడిగాడు.

"సిస్టర్, నా కాలు కదలదు. నీ కాలు ఆగదు. మీ ఊళ్ళో పియానోకి గాలి కొడతారా?"

సలోమి నవ్వి హార్మోనియం సంగతి చెప్పింది. కాలు బాగయ్యేలోపు హెన్రిక్ ఆమెకు జాజ్ నేర్పడం మొదలుపెట్టాడు. జాజ్‌లో అందరూ కలిసి ఒక పాట ఎత్తుకుంటారు. తరువాత ఒక్కొక్కరూ తమకు తోచినట్టు దాన్ని అల్లుకుంటూ పోతారు. చివర మళ్ళీ కలుస్తారు. ఇది విని, "మా అమ్మ లేసు ఇలాగే అల్లుతుంది" అందట సలోమి. చేతులకి అన్నీ వచ్చాయి, కుడి కాలూ దారికొచ్చింది. ఎడమ కాలు మాత్రం మాట వినలేదు. దాన్ని కదలకుండా బిగపట్టుకుని కూర్చుంటే చేతులు ఆగిపోయేవి.

తల్లికి ఉత్తరం రాసింది. మార్తమ్మ జవాబు రాయించింది: "కాలిని తిట్టకు. దానికి వేరే పని చూపించు. పీట పంపుతున్నాను."

పాత చీరలో చుట్టి, ఆ దేశం వెళ్తున్న మరో నర్సమ్మ పెట్టెలో నన్ను పెట్టింది. ఆ నర్సమ్మ ఆవకాయ సీసా నా మీదే పెట్టుకుంది. కారం వాసనతోనే నేను పరదేశంలో దిగాను.

అప్పటినుంచి సలోమి కుడి కాలు పెడల్ మీద, ఎడమ కాలు నా మీద. టక్, టక్, టక్. హెన్రిక్ బృందంలో డ్రమ్స్ వాయించేవాడు మొదటి రోజే, "ఈ చెక్క ఉండగా నేనెందుకు, ఇంటికి పోనా?" అన్నాడు. పోలేదు. ఆదివారం మధ్యాహ్నాలు చిన్న హాళ్ళలో, వేసవిలో పార్కుల్లో ఆ ముగ్గురూ పదేళ్ళు వాయించారు. మిగతా రోజుల్లో సలోమి వార్డులో నర్సే.

సలోమి ముప్పై ఎనిమిదో ఏట ఒక కంపెనీ ఆమె చేత రికార్డు చేయిస్తానంది. అది కుదిరితే ఏడాది పొడవునా ఊరూరా కచేరీలు. సలోమి ధైర్యం చేసి నర్సు ఉద్యోగం మానేసింది. కుదరకపోతే మళ్ళీ వార్డుకే. స్టూడియో ఒక్క రోజుకే దొరికింది.

పొద్దున రెండు పాటలు బాగా వచ్చాయి. నా చప్పుడు కూడా రికార్డయింది, ఎవరూ తప్పు పట్టలేదు. తరువాత భోజనానికి వెళ్ళారు. రికార్డు చేసే యెన్స్ అనే అతను ఒక్కడే ఉన్నాడు. మంచి మనిషి. నన్ను చూశాడు, వేలితో నొక్కాడు, ఊగాను. అయ్యో పాపం అనుకున్నట్టున్నాడు. చిన్న చెక్కముక్క కోసి, పొట్టి అడ్డచెక్క కింద జిగురుతో అతికించాడు. ముప్పై ఏళ్ళకి నన్ను బాగుచేసిన మనిషి దొరికాడు!

సలోమి వచ్చి కూర్చుంది. కాలు వేసింది. నేను కదల్లేదు. పాట ఎత్తుకుంది, నాలుగు అడుగులకే తడబడింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ ఆగింది. వంగి నన్ను తిరగేసి చూసింది.

"బాగుందా?" అన్నాడు యెన్స్ సంతోషంగా. "మా తాత వడ్రంగి."

ఆమె ముఖం పాలిపోయింది. అయినా "చాలా బాగా చేశారండీ" అంది. పాడుచేసినవాణ్ణి తిట్టవచ్చు, బాగుచేసినవాణ్ణి ఏమంటాం?

హెన్రిక్‌కి అర్థమైంది. "ఉలి తెండి, ఆ ముక్క పీకేద్దాం" అన్నాడు. జిగురు అప్పటికే బిగిసింది. యెన్స్ తడిమి చూసి, పీకితే చెక్క చీలిపోతుందన్నాడు. గోడ గడియారం నాలుగు దాటింది. ఆరు గంటలకి స్టూడియో ఖాళీ చేయాలి.

"వద్దు, దాన్ని ముట్టుకోకండి" అంది సలోమి. నన్ను రెండు చేతులతో ఎత్తి, గోడ పక్కన ఉన్న మెత్తటి కుర్చీలో పెట్టింది. తెలుగులో మెల్లగా అంది: "ఇన్నాళ్ళూ తొక్కించుకున్నావు. కాసేపు కూర్చో."

పీటకి కుర్చీ వేసిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఆమె ఎడమ చెప్పు విప్పి, పాదం వట్టి నేల మీద ఆనించింది. ఒక్క స్వరం నొక్కి, వేలు తీయకుండా అలాగే ఉంది. కాలు తొక్కబోయింది. కదలకుండా బిగపట్టింది. ఆ స్వరం చచ్చిపోలేదు. మోగుతూ మోగుతూ, తనంతట తాను, తొందరేమీ లేకుండా సన్నబడింది. పియానోకి గాలి కొట్టనక్కర్లేదని ఆమె చేతులకి పదేళ్ళుగా తెలుసు. కాలికి తెలిసింది ఆ రోజే. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"హెన్రిక్ గారూ, నెమ్మదిగా ఎత్తుకోండి" అంది.

ఆ పాట ఒక్కసారికే వచ్చింది. తరువాత ఇంకో మూడు. ఆరు కాకముందే పని పూర్తయింది. రికార్డు కుదిరింది, కచేరీలు వచ్చాయి, వార్డుకు ఆమె మళ్ళీ పాత స్నేహితులను చూడడానికే వెళ్ళింది. నన్ను మళ్ళీ ఎవరూ తొక్కలేదు.

పని పోయిందని నాకు బాధ లేదు. ఆమె చిన్నప్పుడూ, ఈ పదేళ్ళూ ఆమె కాలి కిందే ఉన్నాను కానీ, నా టక్ టక్ తప్ప నాకేమీ వినపడేది కాదు. చప్పుడు చేసేవాడికి పాట వినపడదు కదా. ఆ సాయంత్రం కుర్చీలో కుదురుగా కూర్చుని, సలోమి ఏం వాయిస్తుందో నేను మొట్టమొదటిసారి విన్నాను.