ఆమెన్ అనేలోపు

"ఇంజిన్ పోతే పోయిందండి. ఆరోనన్నకి ముందే తెలుసా, తెలీదా? అది తేల్చండి చాలు," అన్నాడు శాంతికుమార్.

మెకానిక్ గంగరాజు నవ్వాడు. "నేను సోదె చెప్పేవాణ్ణి కాదండి బాబూ. ముందు దీని రోగమేంటో చూడనివ్వండి."

రోగమంటే, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుప్పచ్చగా వెలిగి కూర్చుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఒకటే చప్పుడు. కొని పట్టుమని వారం తిరగలేదు! కాకినాడలో ఆఫీసర్ల కారు నడిపే ఉద్యోగానికి నమస్కారం పెట్టేసి, ద్రాక్షారామం, పట్టిసీమ ట్రిప్పులు వేసుకుని బతుకుదామని కొన్న కారు. పోనీ ఊరూపేరూ తెలియనివాడి దగ్గర కొన్నాడా? ఆరోన్ దగ్గర. తండ్రి పోయిన ఏడాది స్టీరింగు పట్టడం నేర్పింది ఆరోన్, మొదటి ఉద్యోగం ఇప్పించింది ఆరోన్. తల్లి జ్ఞానమ్మ చర్చిలో "నా పెద్దకొడుకు" అని పదిమందికీ చెప్పుకునేదీ ఆ ఆరోన్‌నే. అలాంటివాడి మీద అనుమానమా, ఛీ! అనుకుంటూనే, తల్లిని షుగరు పరీక్షకి తీసుకెళ్ళి వస్తూ కారు షెడ్డు ముందు ఆపాడు. నువ్వూ రా అన్నా అని ఆరోన్‌కి ఫోన్ చేశాడు. బయల్దేరానన్నాడు ఆయన.

గంగరాజు స్టీరింగు కింద స్కానర్ తగిలించాడు. "ఇదిగోనండి కోడ్, అంటే బండి తనే చెప్పే రోగం గుర్తు. ఇంజిన్‌లో కింద క్రాంకు, పైన క్యాము. రెంటినీ కలిపేది చైను. జోడెడ్లలాగా రెండూ ఒక్క అడుగు మీద నడవాలి. ఒకటి వెనకబడిందంటోంది."

"అంటే చైను పోయినట్టేనా?"

"తొందరపడకండి. కోడ్ చూసి చైను మార్చేసేవాడు మెకానిక్ ఎలా అవుతాడు? సెన్సారు తప్పు చెప్పొచ్చు. వైరు ఎలక కొరకొచ్చు."

ఎలకే అయ్యుండాలి ప్రభువా, అని మొక్కుకున్నాడు శాంతికుమార్. ఎలక కొరికితే పాపం ఎవరిదీ కాదు కదా! కానీ వైర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. సెన్సారు మార్చి చూసినా కోడ్ కదల్లేదు. గంగరాజు ఆయిల్ పుల్ల తీసి వేళ్ళ మధ్య రుద్దాడు. "కొత్త ఆయిలేనండి. కాకపోతే ఈ ఇంజిన్‌కి పోయాల్సినదానికంటే చిక్కగా ఉంది. చప్పుడు అణగడానికి కొందరు పోస్తారు."

"మంచిదని పోసుంటాడండి మా అన్న," అన్నాడు శాంతికుమార్.

గంగరాజు పైమూత విప్పి టార్చి వేశాడు. లోపల చైను వదులుగా వేలాడుతోంది. "సాగిపోయిందండి. ఇది నిన్నా మొన్నటి సంగతి కాదు. పైన పటారం, లోన లొటారం."

"లోపలుండే చైను సంగతి అన్నకేం తెలుస్తుందండి?"

గంగరాజు కాస్త తటపటాయించి స్కానర్ తిప్పి చూపించాడు. "కోడ్ ఎవరైనా చెరిపేస్తే ఆ పసుపు లైటు కొన్నాళ్ళు ఆరిపోతుందండి. కానీ చెరిపాక బండి ఎంత తిరిగిందో ఇందులో ఉంటుందండి. నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు."

శాంతికుమార్ మెల్లిగా తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. మీటరులో ట్రిప్పు అంకె కూడా నాలుగు వందల పన్నెండే.

ఆ ట్రిప్పు మీటరు సున్నా చేసింది తనే. అంటే కోడ్ చెరిపిందీ అప్పుడే. కొన్న రోజు సామర్లకోటలో ఆరోన్ ఇంటి నుంచి కారు ఆరోనే నడుపుకుంటూ తెచ్చాడు, వెనక బైకు మీద తను. ఇంటి ముందు ఆగగానే అమ్మను వెనక, తనను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇంజిన్ ఆపేద్దాం. కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేసి అప్పగిస్తాను," అన్నాడు. ఎంత చక్కటి ప్రార్థన! శాంతికుమార్‌కి కళ్ళు చెమర్చాయి. ఆమెన్ అనగానే, ఇక్కణ్ణించి నా బతుకు అనుకుంటూ వంగి ట్రిప్పు బటన్ నొక్కాడు. అప్పటికి కీ ఆన్‌లోనే ఉంది.

"కోడ్ ఎలా చెరుపుతారండీ?" అన్నాడు.

"ఎంతసేపండీ? స్టీరింగు కింద అగ్గిపెట్టంత స్కానర్ ముక్క గుచ్చి, ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, ఫోన్లో నొక్కడమే."

బెంచీ మీద కూర్చున్న జ్ఞానమ్మ ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒరే నాన్నా, ఆ రోజు ప్రార్థనలో నేను కళ్ళు తెరిచాన్రా. చిన్నప్పుడు నువ్వు తెరిస్తే తొడపాశం పెట్టేదాన్ని కదా, ఇంత వయసొచ్చి నేనే తెరిచాను. కొత్త కారు, ఆశ ఆగలేదు. ఆరోను ఫోన్ నొక్కుతున్నాడు. ఫోన్లో బైబిలు చూసి వాక్యం చెబుతున్నాడనుకున్నాను. పాపం నాదేననుకుని నోరు మూసుకున్నాను."

శాంతికుమార్‌కి ఏడుపొచ్చింది. కారు లోపం దాచాడంటే, పోనీ మనిషి కక్కుర్తి అనుకోవచ్చు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తన కళ్ళు మూయించాడే! నమ్మి మూసుకున్న కళ్ళండీ అవి!

అంతలో ఆరోన్ రానే వచ్చాడు. "ఏంటి తమ్ముడూ, మొహం అలా పెట్టావ్?"

"అన్నా, కోడ్ నువ్వే చెరిపావా?"

ఆరోన్ ఓసారి స్కానర్ వంక, ఓసారి జ్ఞానమ్మ వంక చూశాడు. "దేవుడి తోడు, నాకేం తెలీదు. పాత బండన్నాక సవాలక్ష ఉంటాయి. సాతాను మన మధ్య చిచ్చు పెడుతున్నాడురా. రా, ముందు ప్రార్థన చేసుకుందాం." భుజం మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. "కృపగల తండ్రీ..."

అదే గొంతు, అదే తీపి. జ్ఞానమ్మ అలవాటుగా కొంగు తలమీదికి లాక్కుంది గానీ కళ్ళు మూయలేదు. శాంతికుమారూ మూయలేదు. కనురెప్పల కింద అటూ ఇటూ కదులుతున్న ఆరోన్ కనుగుడ్లనే చూస్తూ నిలబడ్డాడు. "ఈ బిడ్డ మనసులోని అనుమానాన్ని తీసివేయుము ప్రభువా..." అంటూ అంటూ, ఆరోన్ ఎడమకన్ను సన్నగా తెరిచి చూశాడు.

చూపులు కలిశాయి. ప్రార్థన ఆగిపోయింది.

"కానివ్వన్నా, ఆమెన్ దాకా చెప్పు," అన్నాడు శాంతికుమార్. "ఈసారి నేను చూస్తూ ఉంటాను."

ఆరోన్ చెయ్యి భుజం మీంచి జారింది. ఆమెన్ మాత్రం రాలేదు.