ఐదు షేర్ల నూకరత్నం

నేను ఒక షేరు పత్రాన్ని. కాకినాడలో ఓ ఓడల కంపెనీ నన్ను అచ్చు వేయించింది. చుట్టూ నీలం అంచు, పైన పొగ వదులుతున్న ఓడ బొమ్మ, కింద ఉబ్బెత్తు ముద్ర. నా విలువ ఐదు షేర్లు. ఆ ఏడాది బోనస్ ఇవ్వడానికి డబ్బు లేక కంపెనీ తన సిబ్బందికి మాలాంటి కాగితాలు పంచింది. అలా నేను క్యాంటీన్‌లో వంట చేసే నూకరత్నం చేతికి వచ్చాను.

షేరు ఉంటే లాభం వస్తుందనుకుంటారు అందరూ. నూకరత్నానికి నా వల్ల దక్కింది మైకు. ఏటా జరిగే వాటాదార్ల సమావేశంలో మిగతావాళ్లు టిఫిన్ పొట్లాల కోసం మెడలు చాస్తుంటే, ఆమె లేచి నిలబడేది.

“చైర్మన్‌గారూ, జలరాణి ఓడలో మంచినీళ్ల ట్యాంకు తుప్పట్టిపోయిందండి. మా తమ్ముడు ఆ నీళ్లే తాగుతున్నాడండి. ఎప్పుడు మారుత్తారండి?”

“వచ్చే ఏడాది తప్పకుండా.”

వచ్చే ఏడాది ఆమె మళ్లీ లేచేది.

ఈలోగా కంపెనీ ఓడలు కొనడానికి కొత్త షేర్లు అమ్మింది. మళ్లీ అమ్మింది. నా ఐదూ ఐదుగానే ఉన్నాయి, కంపెనీలో నా వంతు మాత్రం చిక్కిపోయింది. కొత్త ఓడలు లాభాలు తెచ్చి ఉంటే చిన్న వంతైనా బరువుగానే ఉండేది. సరుకు దొరక్క అవి లంగరేసి కూర్చున్నాయి. షేరు ధర రెండు రూపాయలకు దిగింది.

అప్పుడొచ్చింది నోటీసు. గుమాస్తా సూర్యప్రకాశం క్యాంటీన్‌లో పైకి చదివాడు. పది షేర్లు కలిపి ఒకటి చేస్తారట. రెండు రూపాయల షేరు ఇరవై అవుతుందట.

“రత్నమ్మగారూ, పదింతలండీ బాబూ! కాజాలు తెప్పించండి!”

తెప్పించింది. అందరూ తిన్నారు. చేతులు తుడుచుకుని ప్రకాశం రెండో పేజీ తిప్పాడు. ధర పదింతలైనా షేర్లు పదోవంతవుతాయి, కొత్తగా ఒరిగేదేమీ లేదు. పదికి తక్కువ ఉన్నవాళ్లకు ఆ కాస్త డబ్బూ ఇంటికి పంపి వాటాదార్ల జాబితాలో పేరు కొట్టేస్తారు. గడువు నెలాఖరు.

“అంటే నేను మీటింగుకి రాకూడదా?”

“రాకూడదండి.”

“మరి ట్యాంకు సంగతి ఎవరడుగుతారు?”

యూనిఫారాలు ఇస్త్రీ చేసే బుల్లెమ్మ గొంతు సవరించుకుంది. “నాకు రెండున్నాయి వదినా. పెట్టె అడుగున పేపరుకి బదులు ఏసుకున్నాను.”

ప్రకాశం తలెత్తాడు. “నాకు మూడు.”

మొత్తం పది. ముగ్గురూ ఉమ్మడిగా ఒక్క షేరు తీసుకోవచ్చు. మాట్లాడే హక్కు మొదటి పేరుది.

“మొదటి పేరు మీదే ఉండాలండి. మైకు చూత్తే నాకు గొంతు పెగలదు” అన్నాడు ప్రకాశం.

“కాజాలడిగినప్పుడు బాగానే పెగిలింది కదేంటి!” అంది బుల్లెమ్మ.

వేల షేర్లున్న పెద్దమనుషులు సమావేశాల్లో కునికిపాట్లు పడటం నాకు తెలుసు. ఒకే ఒక్క షేరు నిలుపుకోవడానికి ముగ్గురు ఇంత హడావిడి పడటం అప్పుడే చూశాను. అలాంటి చేతుల్లో ఉన్నందుకు గర్వపడ్డాను.

కొత్త పత్రం రావాలంటే నేను పోవాలి. నా ఓడ మీద ‘రద్దు’ అని ఎర్రముద్ర కొట్టి, కట్ట కట్టి, సమావేశపు హాలు పక్క గదిలో పడేశారు. కొన్నాళ్లకు గోడ అవతల మైకు గరగరలాడింది.

“మళ్లీ మీరేనా అమ్మా?” చైర్మన్ నిట్టూర్చాడు.

“ఆయ్, నేనేనండి. ఈసారి నాతో ఇంకో ఇద్దరున్నారండి. ట్యాంకు ఎప్పుడండి?”

“వచ్చే ఏ...” అని ఆగిపోయాడు. తర్వాత ఆయన ఇంజనీరును అడగడం వినిపించింది. “జలరాణి రేవుకెప్పుడొస్తుంది?”

“ఎల్లుండండి.”

“రాగానే ఆ ట్యాంకు దించేయండి.”

కుర్చీ కిర్రుమంది. నూకరత్నం కూర్చుంది.