వుకాషిన్ కనిపెట్టిన జబ్బు

ఈ కథలో అబద్ధమన్నది ఆవగింజంత కూడా లేదు, మొరావా నది మీద ఒట్టు.

స్తామెనా ఛాతీలో డయాలిసిస్ గొట్టం ఏడాదిగా ఉంది. ఈమధ్య దానికి యంత్రం తగిలించినప్పుడల్లా ఆమెకు వణుకు, జ్వరం. మనిషి రోజురోజుకూ నీరసించిపోతోంది. మరిది వుకాషిన్ మహా మేధావి కదా, క్షణంలో తేల్చేశాడు.

"వదినా, ఇది ఎదురెదురు కిటికీల గాలి! మన సెర్బులను చంపేది అదే. డాక్టరుకేం తెలుసు? చెప్పకు."

కిటికీలకు మేకులు కొట్టాడు. వదిన పాదాలకు ప్లం పళ్ల సారా పట్టించాడు. కోడికి కూడా శాలువా కప్పాడు. వణుకు మాత్రం తగ్గలేదు.

స్తామెనాకు ఒళ్లు మండింది. "ఏవయ్యా, ఇంట్లో నాకు వణుకే రాదు. నీ గాలి ఆసుపత్రి దాకా నా వెంట వచ్చి, యంత్రం తగిలించేదాకా కాచుక్కూర్చుంటుందా? నీ బుర్రకో మేకు కొట్టుకో!"

వెళ్లి డాక్టరమ్మకు అంతా చెప్పేసింది. రక్తం పరీక్షిస్తే గొట్టంలో క్రిములు పట్టాయని తేలింది. పాతది తీసేసి, మందులిచ్చి, జ్వరం తగ్గాక రెండోవైపు కొత్తది వేశారు. స్తామెనా బతికింది.

"ఆసుపత్రి గదిలో కిటికీ మూయించి వదినను బతికించింది ఎవరనుకున్నారు?" అని వుకాషిన్ ఇప్పటికీ మీసం దువ్వుతున్నాడు.

సరే, ఆవగింజంత అబద్ధం ఉంది: కోడికి శాలువా కప్పింది అతను కాదు, పక్కింట్లో ఉండే నేను. మిగతా తెలివంతా అతనిదే.