రెండోసారి పిలిస్తే

"సెలైన్ ఆపు కన్నమ్మా! ముందు ఆపు!"

డాక్టర్ వెంకటరామారావు అరుపుకు కంప్యూటర్ గదిలోంచి, చీటీలు తీసే హైమ పరుగెత్తుకొచ్చింది. పొద్దున అడవి తండా నుంచి మలేరియాతో వచ్చిన చాంది కూతురు మంచం మీద గిలగిల కొట్టుకుంటోంది. నర్సు కన్నమ్మ అప్పటికే సూది లాగేసింది. కాసేపటికి పిల్ల ఊపిరి నిలకడకొచ్చింది. చాంది కన్నమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

డాక్టర్ కోపం మాత్రం దిగలేదు. కంప్యూటర్ ఇచ్చిన మందు మోతాదు చీటీని కన్నమ్మ ముఖం ముందు ఆడించాడు.

"పొద్దుటి చీటీలో తొమ్మిది కిలోలు. ఇందులో దాదాపు ఇరవై! పూటలో పిల్ల అంత పెరిగిందా? సెలైన్‌లో మందు రెట్టింపు పోయింది. హైమ తప్పు కొట్టదు. నువ్వే తప్పు చెప్పావు. సామాను సర్దుకో!"

"పొద్దున తూచి చెప్పిన సారూ. మల్ల చెప్పనే లే. చీటీల ఉన్నదే ఎక్కించిన. గిట్ల గెంటేస్తే యాడికి పోవాలె?"

హైమ గుర్తుచేసుకుంది. నిజమే, తను కంప్యూటర్‌లో బరువు కొట్టింది ఒక్కసారే. రెండో చీటీకి మీట నొక్కిందంతే. మరి అంకె మార్చిందెవరు?

వెనక్కి పరుగెత్తి ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రామ్ తెరిచింది. మోతాదు లెక్కకు నిన్న కొత్తగా చేర్చిన ఫంక్షన్, అంటే పేరు పెట్టి దాచిన లెక్క, కనిపించింది. పాత ఇంగ్లీషు పుస్తకంలో మోతాదులు పౌండ్లలో ఉన్నాయని, అది కిలోలను పౌండ్లు చేస్తుంది. పాడు ఫంక్షన్, ఆ పౌండ్లను విడిగా ఉంచుకోకుండా పిల్ల బరువున్న చోటే రాసేసి పోయింది! మొదటి చీటీకి, మొదటిసారి పిలిస్తే లెక్క సరే. రెండోసారి పిలిచేసరికి ఆ పౌండ్లనే కిలోలనుకుని మళ్ళీ పౌండ్లు చేసింది.

రాసిందెవరో హైమకు తెలుసు. ఓపీ చీట్లు రాసుకునే తనను ఈ కుర్చీలో కూర్చోబెట్టి, "ఒకే లెక్క పదిచోట్ల రాయకమ్మా. ఒక్కసారి రాసి పేరు పెట్టు, కావాల్సినప్పుడు పిలువు" అని నేర్పిన మనిషి. ఇవాళ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆయన చలవే.

తిరిగొచ్చేసరికి కన్నమ్మ సంచి భుజానేసుకుంది. చాంది గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నా బిడ్డను బతికించింది. ఈమెను పోనియ్య!"

"కన్నమ్మక్క తప్పు లేదు సార్. తప్పు ఫంక్షన్‌లో ఉంది" అంది హైమ.

"ఎవడు రాశాడది? పేరు చెప్పు!"

హైమ చేతులు జోడించింది.

"మీరు నేర్పిన విద్యతోనే పట్టుకున్నాను సార్. మీ రుణం ఈ జన్మకు తీరదు. నిన్న ఆ ఫంక్షన్ రాసింది మీరే, డాక్టర్ వెంకటరామారావు గారూ."