మల్లయ్య తూలుడు

మల్లయ్య తాగుబోతు కాదని ఒక్క వీడియో చూసి తేల్చేశాను. నేను నరాల డాక్టరుని. కాకినాడ నుంచి ఉద్యోగానికి సంగారెడ్డి వైపు వచ్చి ఇక్కడే జుట్టు నెరిసినవాణ్ణి. ఆ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కు నాకుంది.

మల్లయ్యంటే బొంతపల్లి కథకుడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మీద ఆయన రాసిన కథలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. ఆయన పోయి పదేళ్లయినా, సభ పెట్టిన ప్రతి పెద్దమనిషీ "తాగి రాశాడు కాబట్టే అంత బాగా రాశాడు" అంటాడు. తాగితే రాయడం వచ్చేటట్టయితే కల్లు దుకాణాల నిండా మహాకవులే ఉండాలి.

రేపు సంగారెడ్డిలో ఆయన సంస్మరణ సభ. నన్నూ మాట్లాడమన్నారు. అది తెలిసి ఆయన కూతురు నిషిత, పాత సన్మానం వీడియో ఫోన్లో పెట్టుకుని కందిలో మా ఇంటికి వచ్చింది.

"మా నాయిన సుక్క ముట్టలే సార్. ఎవ్వలు నమ్మరు" అంది.

చూశాను. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. మైకు అందుకోబోతే చెయ్యి పక్కకు పోయింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. కింద జనం నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఇది చిన్నమెదడు జబ్బమ్మా. మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా తూలేవారా?"

"మా నాయినమ్మ తూలేది. వీరభద్రుడు ఒంటి మీదికొచ్చిండని కాళ్లకు పసుపు రాసి మొక్కేటోళ్లు."

తల్లికేమో దేవుడు, కొడుక్కేమో సారా. పందెం గెలిచినంత హుషారొచ్చింది నాకు. "ఇంకేం, దొరికింది. పోయినవాళ్లకు రక్తపరీక్ష చెయ్యలేం గానీ, నూటికి తొంభై పాళ్లు ఇది వంశంలో దిగే జబ్బే. రేపు మైకులో చెబుతాను" అనేసి, అప్పుడు ఆమె వంక చూశాను.

నిషిత టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. అయినా టీ ఒలుకుతోంది.

నా నోరు బుర్ర కంటే ముందు పరిగెడుతుందని మా ఆవిడ ఊరికే అనదు. సిగ్గేసింది. "వంశం సంగతి సభలో ఎత్తనులేమ్మా. ముందు నీకు పరీక్ష చేయిద్దాం" అన్నాను.

"నాకు ఎరుకే సార్. పోయిన వారం నేను పనిచేసే కంపెనీ గేటు కాడ నోట్ల పైపు పెట్టి ఊదిపిచ్చిండ్రు. ఏం రాలే. అయినా తాగినవని ఇంటికి తోలిండ్రు." గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది. "పరీక్ష చేయించుకుంట. మీరైతే సభల మొత్తం చెప్పుండ్రి, వంశంల ఉన్నదని గూడ చెప్పుండ్రి. ఇగ నేను గూడ గా జనం ముంగటనే తూలుకుంట నడవాలె గద."